పడమటి కనుమ నుంచి ఒకటి

ఏడు పక్షులు పోయింది ఒక ఆదివారం నాడు. జనవరి రెండో ఆదివారం. కొండ మీద మంచు లేదు.

ఇష్‌బెల్ గ్రూవార్ రెండు గంటలకే తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది. మెడలో బైనాక్యులర్. సంచిలో టీ ఫ్లాస్కు, నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. భుజాన భర్త ఫార్కర్ టెలిస్కోపు. దాని కాన్వాసు సంచి పట్టీ అతను పెట్టిన రంధ్రంలోనే ఉంది. నవంబరులో అతన్ని సమాధి చేసిన తర్వాత ఆమె దాన్ని విప్పలేదు. ఇవాళ కూడా విప్పుదామని తెచ్చుకోలేదు. మూడేళ్లుగా దాన్ని మోస్తున్నది ఆమే. అది లేకుండా ఎక్కితే భుజం తేలిపోతున్నట్టుంటుంది, అంతే.

పాడుబడ్డ గొర్రెల దొడ్డి దగ్గరికి గంట నడక. గుండ్రటి రాతి గోడలో ఉత్తరం వైపు ఒక గండి, గండిలో ఇద్దరు కూచునేంత బండ. కింద తుంగ మొలిచిన చిత్తడి నేల. దాని అవతల హెదర్ పొదల గట్టు. గట్టుకి పడమటి చివర కొండ రెండుగా చీలినట్టు ఒక కనుమ. చలికాలం పొద్దుగూకే వేళ పిల్లిగద్దలు నలుమూలల నించీ వచ్చి ఆ తుంగలో నిద్రకి దిగుతాయి. నెలకొక ఆదివారం వాటిని లెక్కపెట్టాలి.

ఆమె బండకి కుడివైపు కూచుంది. ఎడమవైపు చోటు అలాగే ఉంచింది.

ఈ పని ఇద్దరు చేసేది. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. చూసేవాళ్లు కన్ను తీయకూడదు. తీసిన ఆ ఒక్క క్షణంలోనే ఒకటి దిగిపోతుంది. రాసేవాళ్లు తలెత్తకూడదు. తలెత్తితే చెప్పిన అంకె చెవిన పడదు. ఒకరి టెలిస్కోపులో ఇంకొకరు కన్ను పెట్టకూడదు, కుదిరిన చూపు చెదిరిపోతుంది. ఇవన్నీ ఫార్కర్ పెట్టిన నియమాలు. పందొమ్మిది చలికాలాలు అతను చూశాడు, ఆమె రాసింది. ఈ బండ మీద ఆమె చూసినవల్లా పెన్సిలు ములుకు, గీతల కాగితం, తన మోకాళ్లు. పక్షులు ఆమెకి ఒక గొంతుగా మాత్రమే తెలుసు. "మూడూ నలభై ఒకటి. బూడిదరంగు మగది. పడమటి కనుమ నుంచి ఒకటి." ఆమె రాసేది.

ఇవాళ రెండు పనులూ ఆమెవే.

ఎదుటి గట్టు మీద పదకొండు తెల్ల చుక్కలున్నాయి. కొండకుందేళ్లు. మంచు వస్తుందని నమ్మి బొచ్చు తెల్లబరుచుకున్నాయి. మంచు రాలేదు. కాలిన గోధుమరంగు కొండ మీద, తెల్లగా ఉంటే ఎవరికీ కనపడమన్న ధైర్యంతో, కదలకుండా కూచున్నాయి. పదకొండూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి. ఎక్కడో పొదల్లో గ్రౌస్ కోడి అరిచింది. ఆ లోయవాళ్లకి చిన్నప్పట్నుంచీ ఆ అరుపు మాటల్లాగే వినిపిస్తుంది. వెనక్కి పో, వెనక్కి పో, పో, పో.

మూడూ ముప్పై ఆరుకి మొదటిది వచ్చింది. చప్పుడు లేదు. బూడిద రంగు ఒళ్లు, సిరాలో ముంచి తీసినట్టు రెక్కల కొసలు. తుంగ తలల్ని తాకీ తాకనట్టు ఒక చుట్టు తిరిగి, కిందనించి ఎవరో లాగినట్టు దిగిపోయింది. ఆమె బైనాక్యులర్ దించి రాసింది. రాస్తున్నంతసేపూ మెడ వెనక చల్లగా ఉంది. తల వంచినప్పుడు ఏమేమి దిగుతున్నాయో.

మూడూ యాభైకి గోధుమరంగు ఆడది, తోక మొదట తెల్లపట్టీతో. ఆ తర్వాత ఏమీ రాలేదు. కాగితం మీద గీతలు కనపడకుండా పోయేవరకూ కూచోవాలన్నది నియమం. కూచుంది. కుందేళ్లు మాత్రం గీతల కన్నా ఎక్కువసేపు కనిపించాయి.

రెండు. పోయిన జనవరిలో తొమ్మిది.

దిగేటప్పుడు గేటు దగ్గర దీపం కనిపించింది. డూగల్ మెక్‌హార్డీ నాలుగు చక్రాల బైకు ఆపుకుని ఉన్నాడు, వెనక పెట్టెలో కుక్క. ఆ ఎస్టేటులో కొండ కాపలా అతనిది. ఆగస్టులో వేటకొచ్చే దొరలకి గ్రౌస్ కోళ్లు తక్కువ కాకుండా చూడటం అతని ఉద్యోగం. పిల్లిగద్దలు గ్రౌస్ పిల్లల్ని తింటాయి. కాబట్టి పిల్లిగద్ద కనపడకపోతే లోయలో మొదట తలుచుకునేది కాపలావాడి పేరే.

"టీచర్‌గారూ, నేను డూగల్‌ని," అన్నాడు దూరం నించే.

"తెలుస్తూనే ఉంది. నీకు ఎక్కాలు నేర్పినదాన్ని, నీ గొంతు పట్టలేనా?"

"ఏడో ఎక్కం నేర్పలేకపోయారు."

"నువ్వు నేర్చుకోలేకపోయావు."

అతను నవ్వాడు. తర్వాత టోపీ సర్దుకున్నాడు. "ఎన్నొచ్చాయి?"

చెప్పకూడదు. కాపలావాళ్లకి అంకె చెప్పకూడదన్నది కూడా నియమమే. కానీ ఆమెకి కోపంగా ఉంది, కోపం అంకె రూపంలోనే బయటికొచ్చింది. "రెండు."

కుక్క పెట్టెలో అటూ ఇటూ తిరిగింది.

"మీరే చూశారా?"

"ఇంకెవరు చూస్తారు?"

"అయితే రెండే," అన్నాడు. అతని గొంతులో భయం లేదు. ఏదో లెక్క అప్పుడే తేలినట్టుంది. "జాగ్రత్తగా దిగండి. రెండో మలుపు దగ్గర రాళ్లు తడిగా ఉన్నాయి."

* * *

గ్రెగర్ ఇన్నెస్ మంగళవారం వచ్చాడు. పక్షుల సంఘంవాడు, పట్నంనించి. బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్లతో వంటింట్లోకి వచ్చి, బల్ల మీద పేర్చిన పందొమ్మిది నోటుపుస్తకాలకేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇష్‌బెల్ గారూ, ఈ దేశంలో ఇలాంటి వరస ఇంకోటి లేదు. ఒకే చోటు, ఒకే కన్ను, ఒకే చేతిరాత."

"టీ చల్లారిపోతుంది."

అతను కూచుని ఓట్స్ రొట్టె మీద జున్ను పెట్టుకుంటూ చెప్పాడు. మూడేళ్లుగా ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. ఇప్పుడు, ఆదివారం రాత్రి ఆమె ఫోనులో చెప్పినట్టు, రెండు. ఎస్టేటు వేట అనుమతి ఈ నెలలోనే మళ్లీ పరిశీలనకొస్తోంది. ఈ పుస్తకాలు అక్కడ పెడితే వాళ్ల దగ్గర జవాబుండదు. ఎస్టేటు మేనేజరుకి నిన్ననే ఈ సంగతి చేరింది. కాపలావాణ్ని తీసేశామని చెప్పుకుని అనుమతి నిలబెట్టుకోవాలని చూస్తున్నాడు. మెక్‌హార్డీని నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడట.

"ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది కదా," అంది ఆమె.

"ఉద్యోగంతోనే పోతుంది. జాలిపడకండి. ఏడు పిల్లిగద్దలంటే మాటలా?"

"డూగల్ చంపాడని ఎవరు చూశారు?"

"ఎవరూ చూడరు. అదే కదా ఎప్పుడూ. మనకి సాక్షి ఈ పుస్తకాలే." అతను సంచిలోంచి ఒక కాగితం తీశాడు. పైవన్నీ కళ్లతో చూసి, చూసిన వెంటనే రాసినవని హామీ. కింద సంతకానికి చోటు. "ఫార్కర్ గారు లేరు కాబట్టి మీరొక్కరే పెట్టగలరు."

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి మొదలుపెట్టింది.

"పరీక్ష పేపరు కాదండీ," అన్నాడు గ్రెగర్ నవ్వుతూ.

"పేపరయితే ఈపాటికి దిద్దేసేదాన్ని. శుక్రవారం పోస్టు వ్యానులో పంపిస్తాను."

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ అతను టెలిస్కోపు చూశాడు. కొక్కేనికి వేలాడుతోంది.

"దీంతోనే చూశారా?"

"బైనాక్యులర్‌తో."

"అయ్యో. అదే అడుగుతారు వాళ్లు. బైనాక్యులర్‌కి అందలేదు, అందుకే తగ్గాయంటారు. ఈ ఆదివారం ఇంకోసారి చూడండి, ఆయన చూసిన దాంతోనే. అప్పుడు ఎవరూ నోరెత్తరు."

అతని కారు వంతెన దాటేవరకూ ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఎదుటి కొండ మీద కుందేళ్లు కనిపించాయి. ఇంటికి ఇంత దగ్గరగా ఇదివరకు దిగలేదు. లెక్కపెట్టబోయి మానుకుంది.

బుధవారం నెటా వచ్చింది, డూగల్ భార్య. తలుపు తట్టలేదు. ఆ లోయలో ఎవరూ తట్టరు గానీ, లోపలికొచ్చాక "ఎవరున్నారు" అని పిలుస్తారు. నెటా పిలవలేదు. చేతిలో గిన్నె ఉంది, నవంబరులో ఇష్‌బెల్‌కి పులుసు పంపిన గిన్నె కాదు, బదులుగా ఇష్‌బెల్ తన ఇంటినించి పంపినది.

"ఇదిగో మీ గిన్నె. సామాన్లు కడుతున్నాం. పొరపాటున మీది మాతో వచ్చేస్తే దొంగతనం కూడా మా మీద పడుతుంది."

"కూచో నెటా."

"నిలబడే చెప్తాను. పదహారేళ్లున్నాం ఆ ఇంట్లో. నా కోళ్లగూడు గోడకి కట్టింది, ఊడదీస్తే గోడ వస్తుంది. ఎక్కడికెళ్లమంటారు? మీ ఆయన పిట్టల్ని వెతుక్కుంటూ వెళ్లమంటారా?"

"పిట్టలు పోవడం నేను చేసింది కాదు."

"మేం చేసిందీ కాదు." నెటా గిన్నెని బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. "ఒక్క మాట అంటే తీరిపోతుంది. ఒకే ఒక్క మాట. చెప్పవయ్యా అని మా ఆయన్ని నిన్న రాత్రంతా పోరాను. నోరు విప్పడు. నలభై రెండేళ్ల మనిషికి ఇంకా మీరు టీచరే. ముందు బెంచీలో కూచున్నట్టు కూచుంటాడు."

"ఏం మాట?"

నెటా ఆమె మొహంలోకి చూసింది. ఏదో వెతికింది. వెతికింది దొరికిందో, దొరకలేదో గాని, ఆమె కోపం సగంలో ఆగిపోయింది.

"మీకు నిజంగా తెలీదు," అంది మెల్లగా. "దేవుడా. మా ఆయన చెప్పిందే నిజం, మీకు తెలీదు." ఇంకేమీ అడగనివ్వకుండా వెళ్లిపోయింది.

* * *

గురువారం పొద్దున్న ఆమె టెలిస్కోపు బల్ల మీద పెట్టి పట్టీ విప్పింది. ఆదివారానికి తుడిచి ఉంచుకోవాలి. కాన్వాసు సంచిలోంచి ఫార్కర్ పొగాకు వాసన వచ్చింది, ఆ వెనకే తడి సున్నం వాసన. ఇత్తడి అంచు అతని వేళ్లకి అరిగి నున్నగా ఉంది. మూత తీసి, మెత్తని గుడ్డతో అద్దం తుడిచి, కిటికీ తెరిచి, మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి కన్ను పెట్టింది.

తెలుపు.

పొగమంచు దిగిందనుకుంది. తల ఎత్తింది. కొండ స్పష్టంగా ఉంది, పొద ప్రతిదీ విడివిడిగా. గట్టు మీద తెల్ల చుక్కలు. మళ్లీ కన్ను పెట్టింది. తెలుపు. చూపు కుదిరించే చక్రాన్ని చివరిదాకా అటు తిప్పింది, ఇటు తిప్పింది. తెలుపు దగ్గరైంది, దూరమైంది. అంతే. దాంట్లో కొండ లేదు. వెలుతురు మాత్రం ఉంది, పాలలో కన్ను తెరిచినట్టు.

కన్ను తీసి, టెలిస్కోపుని కిటికీ వెలుగుకి ఎత్తి, వెనకవైపు నించి లోపలికి చూసింది. లోపలి అద్దం మీద ఏదో మొలిచింది. సన్నటి తెల్లటి కొమ్మలు, కొమ్మల్లోంచి కొమ్మలు. శీతాకాలం కిటికీ మీద మంచు గీసే ఆకుల్లాంటివి. తడి లోపలికి పోయి, బూజు పట్టి, ఏళ్లమీద నిదానంగా అద్దం అంచునించి అంచుదాకా పాకింది. ఒక్క నెలలో పెరిగేది కాదు. ఒక్క చలికాలంలో కూడా కాదు.

ఆమె దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. మూత వేసింది.

ఈ తెలుపుకి కన్ను ఆనించి అతను చూసేవాడు. "మూడూ నలభై ఒకటి. పడమటి కనుమ నుంచి ఒకటి." గొంతు ఎప్పుడూ తడబడలేదు. అద్దం పోయిందని ఒక్కసారీ అనలేదు. చూపున్నవాడయితే మొదటి రోజే విసుక్కునేవాడు.

కొండ దిగేటప్పుడు, నువ్వు జారతావని, ఆమె వీపు సంచి పట్టీ పట్టుకుని వెనక నడిచేవాడు. కప్పులో టీ పోసేటప్పుడు వేలు కప్పు అంచు లోపల పెట్టేవాడు. వేడి చూస్తున్నాననేవాడు. వార్తలు నువ్వు చదువు, నీ గొంతులో బావుంటాయనేవాడు. ఆమెకి అది ముద్దుగా ఉండేది.

పోయిన ఏడాది పుస్తకం తెరిచింది. దిద్దడానికి కూచున్నట్టు ఎర్ర పెన్సిలు పక్కన పెట్టుకుంది. తెలియకుండానే పెట్టుకుంది. జనవరి పద్నాలుగు. పైన వాతావరణం గడిలో, తన గుండ్రటి అక్షరాల్లో: పొగమంచు, ఎదుటి గట్టు కనపడదు. కింద, అవే అక్షరాల్లో: తొమ్మిది పక్షులు, వేళలతో, దిక్కులతో. దొడ్డి దగ్గరికి చేరగానే ఆమే చుట్టూ చూసి వాతావరణం రాసింది. తర్వాత తల వంచింది. మంచు విడిపోయి ఉంటుందనుకుంది. తలెత్తి చూడలేదు. తలెత్తకూడదు కదా.

ఫిబ్రవరిలోనూ అంతే. దాని ముందు ఏడాది కూడా. పక్షులు బళ్లో పిల్లల్లా సమానమైన ఎడంతో వరసగా వచ్చాయి, దాదాపు అన్నీ పడమటి కనుమ నుంచే. పిల్లవాడెవడైనా ఇలాంటి లెక్క తెస్తే ఒక్క చూపులో పట్టుకునేది.

మధ్యాహ్నం కోటు వేసుకుని డూగల్ ఇంటికి వెళ్లింది.

అతను పెరట్లో కుక్కల కొట్టం విప్పుతున్నాడు. మేకుని సుత్తి వెనకతో పీకి, రాతి మీద పెట్టి నిటారుగా కొట్టి, డబ్బాలో వేస్తున్నాడు. ఆమెని చూసి టోపీ తీశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది ఆమె.

"దేని గురించి, టీచర్‌గారూ?"

"డూగల్. ఏడేళ్లప్పుడే నీ అబద్ధం గుమ్మంలో ఉండగా పట్టేసేదాన్ని."

అతను ఇంకో మేకు పీకాడు. నిటారు చేసి డబ్బాలో వేశాడు. డబ్బాకేసి చూస్తూనే చెప్పాడు.

"మూడేళ్లయింది. గోడ పక్కన ఓ కుందేలు, తెల్లగా, నిలబడింది. ఫార్కర్‌గారు దాని ముందు ఆగి టోపీ ముట్టుకున్నారు. 'ఏం డూగల్, ఇవాళ చలి కొరికేస్తోంది' అన్నారు. నేను పది గజాలు ఇవతల గేటు దగ్గరున్నాను. కుందేలు కదల్లేదు. ఆయన జవాబు కోసం ఆగారు, టీచర్‌గారూ. మర్యాదగా ఆగారు. నాకు ఒళ్లు జలదరించింది. చివరికి నేనే, 'అవునండీ, చలే' అన్నాను. గొంతు వచ్చిన వైపు తిరగలేదు. కుందేలుకే తల ఊపి వెళ్లిపోయారు."

పెట్టెలో కుక్క మూలిగింది.

"అప్పట్నుంచి నేనే ముందు పలకరించేవాణ్ని. దూరంనించే పేరు చెప్పేవాణ్ని."

"నాక్కూడా చెప్తున్నావు."

"అలవాటయిపోయింది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

డూగల్ మొదటిసారి ఆమెకేసి చూశాడు. "మీకు తెలుసనుకున్నాను."

ఆమె కింద పడ్డ మేకు ఒకటి ఏరి డబ్బాలో వేసింది.

"మీరు పక్కనే కూచుని రాసేవారు. మొగుడి చూపు పోతే పెళ్లానికి తెలీకుండా ఉంటుందా? ఇద్దరూ కలిసే రాస్తున్నారనుకున్నాను. పిట్టలెక్కువుంటే ఆ చిత్తడి ఎండగట్టి కలప చెట్లు నాటనివ్వరు కదా, అందుకని అంకెలు పెంచుతున్నారని. నాకేం పోయింది, నేనూ ఆ చెట్లు వద్దనుకునేవాణ్నే. ఆదివారం మీరు రెండు అన్నాక తెలిసింది, మీకు తెలీదని. తెలిస్తే రెండనరు."

"అయితే అబద్ధం చెప్పే మనిషిననుకుని కూడా నోరు మూసుకున్నావు. ఇల్లు పోతున్నా."

"మీ పరువు తీసి ఇల్లు నిలుపుకుంటే," అని ఆగి, "ఆ ఇంట్లో నెటా ఉండగలదేమో. నేనుండలేను."

నెటా కిటికీ వెనక నిలబడి వింటోంది. తెర కదిలింది.

ఇష్‌బెల్ కొట్టం గోడకి చెయ్యి ఆనించింది. అడగవలసింది ఇంకొకటి ఉంది. "ఆ మూడు చలికాలాలూ నిజంగా ఎన్ని వచ్చాయి, డూగల్?"

అతను సుత్తి తిప్పి పట్టుకున్నాడు.

"నేను లెక్కపెట్టలేదు."

"రోజూ కొండ మీదుంటావు."

"ఉంటాను. వాటికేసి చూడకుండా ఉండటం నా ఉద్యోగంలో సగం. చూస్తే ఏదో ఒకటి చెయ్యమంటారు." మేకు మీద దెబ్బ తప్పి రాయికి తగిలింది. "రెండో, మూడో. ఒక్కో సాయంత్రం అయిదు కూడా అయ్యుండొచ్చు. నన్నడక్కండి."

ఆమె అతని చేతులు చూసింది. చిన్నప్పుడు తప్పు చేస్తే ఆ చేతులు వీపు వెనక్కి పోయేవి. ఇప్పుడు సుత్తి, మేకు పట్టుకుని ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. దాన్నిబట్టి ఏమీ తెలియలేదు.

* * *

శుక్రవారం పోస్టు వ్యాను పదకొండింటికి వస్తుంది. ఆమె తెల్లవారకముందే లేచి ఉత్తరం రాసింది. మూడుసార్లు రాసి, మూడోది ఉంచింది. గత మూడు చలికాలాల లెక్కలు కళ్లతో చూసి రాసినవి కావు. చూసినవారికి అప్పటికే చూపు లేదు, ఆయన వాడిన టెలిస్కోపులో ఏమీ కనపడదు. రాసింది నేను. తలెత్తి చూడకపోవడం నా తప్పు. ఈ జనవరి రెండు మాత్రం నేను చూసినవి. సంతకం పెట్టకుండా హామీ కాగితం కూడా అదే కవరులో పెట్టింది. "చూపు లేదు" అన్న చోట పెన్సిలు ఒత్తుకుపోయి కాగితం వెనక గుచ్చుకుంది. ఆ కాగితమే పంపింది.

సాయంత్రం ఎస్టేటు మేనేజరుకి కూడా అదే విషయం ఫోనులో చదివి వినిపించింది. అతను రెండుసార్లు "అలాగా" అన్నాడు.

శనివారం గ్రెగర్ ఫోను చేశాడు.

"మీరేం చేశారో తెలుసా?"

"తెలుసు."

"మూడేళ్లతో పోదండీ ఇది. ఎప్పట్నుంచి కనపడటం లేదని అడుగుతారు. అయిదా, ఏడా? మొత్తం పందొమ్మిదీ పక్కన పెట్టెయ్యాలి. ఆ చిత్తడిని చెట్లవాళ్లనించి కాపాడింది ఆ పుస్తకాలే."

"ఒక జవాబు చూసి రాసిందని తేలితే పేపరంతా మళ్లీ దిద్దాలి, గ్రెగర్. అంతే."

"ఇది చూడకుండా రాసింది," అన్నాడు అతను. ఆ తర్వాత, కాస్త మెత్తగా, "రేపు ఎక్కుతారా?"

"ఎక్కుతాను."

ఆదివారం బండ మీద ఎడమవైపు ఆమె కూచుంది. టెలిస్కోపు ఇంట్లో వదిలేసి వచ్చింది, భుజం తేలిపోతూనే ఉంది. మూడింటికి గోడ అవతల అడుగుల చప్పుడు. "టీచర్‌గారూ, నేను డూగల్‌ని." మేనేజరు నెలాఖరు మాట ప్రస్తుతానికి వెనక్కి తీసుకున్నాడని, కోళ్లగూడు ఊడదీయలేదని చెప్పాడు. ఆమె పుస్తకం, పెన్సిలు అతని చేతికిచ్చింది.

"నేను చెప్తాను. నువ్వు రాయి. తలెత్తకు."

"తలెత్తితే?"

"గోడ కుర్చీ వేయిస్తాను."

అతను కుడివైపు కూచుని మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకున్నాడు. గాలి లేదు. కుందేళ్లు గట్టు దిగి తుంగ అంచుదాకా వచ్చి ఉన్నాయి, అన్నీ ఇటే తిరిగి. ఆమె బైనాక్యులర్ ఎత్తింది, ఇక దించలేదు.

"మూడూ నలభై. బూడిదరంగు మగది. తూర్పునించి."

పెన్సిలు చప్పుడు.

"మూడూ యాభై రెండు. ఆడది. దక్షిణంనించి. దిగింది."

పెన్సిలు చప్పుడు. వెలుతురు పల్చబడింది. ఆ తర్వాత తుంగలోంచి బురదపిట్టలు ఒక్కసారిగా లేచి చెదిరాయి, పైనించి ఏదో వచ్చినప్పుడు లేచినట్టు. కుందేళ్లు తలలు తిప్పాయి, పడమటి కనుమ నించి తుంగ దాకా, మెల్లగా, దేన్నో చూపుతో దింపుతున్నట్టు. తుంగ మధ్య ఒకచోట గడ్డి పాయగా విడిపోయి, వంగి, మళ్లీ కూడుకుంది. ఆమె అక్కడే చూస్తోంది. కన్ను తీయలేదు. ఏ పక్షీ రాలేదు.

నాలుక చివరికి మాటలు వచ్చేశాయి. ఆమె మాటలు కావవి. పడమటి కనుమ నుంచి. పళ్లు బిగించింది.

"ఏదన్నా వచ్చిందా?" అన్నాడు డూగల్, తల వంచుకునే.

"గడ్డి కదిలింది."

"రాయమంటారా?"

"చూసిందే రాయి."

గీతలు కనపడకుండా పోయేవరకూ కూచున్నారు. దిగేటప్పుడు డూగల్ ముందు నడిచాడు. రెండో మలుపు దగ్గర, తడి రాళ్ల మీద, ఆమె చెయ్యి చాచి అతని వీపు సంచి పట్టీ పట్టుకుంది. అతను వెనక్కి తిరగలేదు. అడుగు చిన్నది చేశాడు.

ఇంటికొచ్చి దీపం కింద పుస్తకం తెరిచింది. చేతిరాత తనది కాదు, అంకెలు వంకరగా ఉన్నాయి, రెండు మాత్రం రెండే. చెట్లవాళ్ల సంగతి ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేదు. ఈ జనవరి రాసి ఉంది. దాని ముందు మూడు చలికాలాలు ఆ తుంగలోకి ఎన్ని దిగాయో ఎవరూ చూడలేదు. ఆ లెక్క జరగలేదు.